కథల పుస్తకం అటకెక్కకూడదంటే...

సొంత ఖర్చుతో అచ్చు వేసుకున్న రచయితలకు కొన్ని దారులు

శ్రీకాకుళం జిల్లాలో ఏ మండలానికి వెళ్లినా కథలు రాసేవారు ఒకరిద్దరు తప్పక కనిపిస్తారు. పదవీ విరమణ చేసిన మాస్టారు కావచ్చు, తపాలా ఉద్యోగి కావచ్చు, అంగన్‌వాడీ టీచరు కావచ్చు, పలాస జీడి పరిశ్రమలో లెక్కలు రాసే గుమాస్తా కావచ్చు. పాతికేళ్లుగా రాసుకున్న కథల్లోంచి పది పదిహేను ఏరుకుంటారు. దాచుకున్న పి.ఎఫ్. సొమ్ములోంచి కొంత తీసి పుస్తకం వేస్తారు. ప్రెస్సు నుంచి కట్టలు దిగిన రోజు ఇంటిల్లిపాదికీ పండగే.

మరి ఏడాది తిరిగాక? ఆ కట్టలు అటక మీదికి చేరతాయి. బంధువులకు కొన్ని, సభలో అతిథులకు కొన్ని పోగా మిగిలినవి అక్కడే ఉంటాయి. ఎలుకలు కొట్టినవి కొన్ని, చెద పట్టినవి కొన్ని. రాసినాయన కన్ను మూశాక ఇల్లు సర్దే పిల్లలకు ఏం చెయ్యాలో తోచదు. పాత పేపర్లతో పాటు అవీ తూకానికి పోతాయి. పోయేది కాగితమే అయితే ఫర్వాలేదు. ఆ కథల్లో ఉన్న మన ఊళ్లు, మన మాట, మన మనుషుల కష్టసుఖాలు కూడా ఆ తక్కెడలోనే పోతాయి.

తప్పు కథల్లో ఉందనుకోనక్కర్లేదు. చాలాసార్లు తప్పు లెక్కలో ఉంటుంది. డబ్బంతా అచ్చుకే పోసేసి, పుస్తకాన్ని పాఠకుడి దాకా చేర్చడానికి చేతిలో ఏమీ మిగుల్చుకోకపోవడమే అసలు చిక్కు. తక్కువ కాపీలు వేసి, మిగిలిన డబ్బూ ఓపికా వాటిని చేర్చడానికి పెడితే అటక ఖాళీగా ఉంటుంది.

వెయ్యా? రెండు వందలా?

ఒకప్పుడు అచ్చంటే వెయ్యి కాపీలు. అక్షరాలు కూర్చడానికి, ప్లేట్లు చెయ్యడానికి అయ్యే ఖర్చు వందకైనా వెయ్యికైనా ఒకటే కనుక ఎక్కువ వేస్తేనే గిట్టేది. ఇప్పుడు డిజిటల్ ప్రింటింగు వచ్చింది. వంద కాపీలైనా వేసిస్తారు. కాపీకి ధర కాస్త ఎక్కువ పడుతుంది. అయినా మొత్తం మీద మేలే.

ఎలాగో చూద్దాం. 120 పేజీల కథల పుస్తకం. రెండు వందల కాపీలకు కాపీ ఒక్కింటికి రూ. 70 చొప్పున ప్రెస్సువారు అడిగారనుకోండి. మొత్తం రూ. 14,000. ప్రచారానికి రూ. 3,000 విడిగా పెట్టారు. అంటే ఖర్చు రూ. 17,000. వెల రూ. 120 వేసి, చేతికి చేతి అమ్మకంలో వంద రూపాయలకే ఇచ్చారు. అలా 120 కాపీలు పోతే రూ. 12,000 వస్తాయి. మరో 40 కాపీలు నలభై శాతం కమీషన్ మీద దుకాణాల్లో అమ్మితే కాపీకి రూ. 72 చొప్పున రూ. 2,880. మిగిలిన 40 కాపీలు గ్రంథాలయాలకు, పత్రికలకు, చదివి అభిప్రాయం చెప్పే పెద్దలకు. వచ్చింది రూ. 14,880. లోటు రూ. 2,120.

అదే వెయ్యి కాపీలు వేశారనుకోండి. కాపీ రూ. 45కే పడిందనుకున్నా అచ్చుకు రూ. 45,000 అవుతుంది. ప్రచారానికి పైసా మిగల్లేదు. అయినా పైన చెప్పినన్ని కాపీలే అమ్ముడయ్యాయనుకుందాం. లోటు రూ. 30,120. అటక మీద 800 కాపీలు!

రెండు లెక్కల్లోనూ లాభం లేదన్నది నిజం. తొలి పుస్తకంతో డబ్బు మిగులుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మొదటి లెక్కలో పోయేది రెండు వేలు, చేరేది రెండు వందల ఇళ్లకు. రెండో లెక్కలో పోయేది ఏడాది గింజలు. ఇవన్నీ ఉదాహరణ అంకెలే. మీ ప్రెస్సువారు చెప్పిన ధర వేసుకుని మీరే లెక్క కట్టుకోండి. రెండు వందలూ అయిపోతే మళ్లీ వంద వేసుకోవచ్చు. అచ్చు పుస్తకాల అమ్మకం మీద జి.ఎస్.టి. లేదు కనుక ఆ బెంగా అక్కర్లేదు.

ముందు కథ, తర్వాత పుస్తకం

పుస్తకం పేరు ఎవరూ వినకుండా, కథ ఒక్కటీ ఎవరూ చదవకుండా నేరుగా పుస్తకం వేసేస్తే కొనేవారు ఎలా వస్తారు? తెలుగు నవల పుట్టిన నాడే పెద్దలు ఈ సంగతి గుర్తించారు. కందుకూరి వీరేశలింగం పంతులు 'రాజశేఖర చరిత్రము'ను 1878లో తన 'వివేకవర్ధని' పత్రికలో విడతలు విడతలుగా వేశారు. పుస్తకంగా వచ్చింది 1880లో. పుస్తకం చేతికొచ్చేసరికి దాని కోసం ఎదురు చూసేవారు తయారై ఉన్నారన్నమాట.

మన కాళీపట్నం రామారావు మాస్టారి 'యజ్ఞం' కూడా 1964లో 'యువ' పత్రికలోనే ముందు వెలువడింది. జనం చదివారు, వాదించుకున్నారు. ఆ కథ ఉన్న 'యజ్ఞంతో తొమ్మిది' సంపుటానికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

కనుక కథలను ముందు పత్రికలకు పంపండి. తిరిగొస్తే కుంగిపోకండి. ఆదివారం సంచికలు, మాసపత్రికలు, అంతర్జాల పత్రికలు చాలా ఉన్నాయి. రచ్చబండ దగ్గరో, గ్రంథాలయంలోనో పదిమంది కూర్చున్నప్పుడు ఒక కథ పైకి చదివి వినిపించండి. బుర్రకథలు, హరికథలు విన్న నేల మనది. చెవిన పడిన కథ కోసం చెయ్యి జేబులోకి వెళుతుంది.

మన పాఠకుడు ఎక్కడున్నాడు?

కొత్త రచయితల చూపు ఎప్పుడూ హైదరాబాదు మీదే. అక్కడి పెద్ద విమర్శకుడు ఒక ముక్క రాస్తే చాలనుకుంటారు. రాస్తే మంచిదే. కానీ మీ కథలో పాత్ర ఏ చెరువు గట్టున నడిచిందో ఆ గట్టు తెలిసినవాడే మీ మొదటి పాఠకుడు. "మావా, నీ కతలో ఉన్నది మా అయ్యే కదేటి?" అని అడిగినవాడు పుస్తకం కొంటాడు. కొనడమే కాదు, మరో నలుగురికి చెబుతాడు.

ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను 2018 అక్టోబరులో తిత్లీ తుపాను నేలమట్టం చేసింది. అదే ఏడాది నవంబరులో గుజరాత్ తీరాన వేటకు వెళ్లిన మన మత్స్యకారులు పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో గాని ఇళ్లకు చేరలేదు. ఆ ఉదంతం ఆధారంగా 2025లో 'తండేల్' సినిమా వచ్చింది. రాష్ట్రమంతా చూసింది. మన బతుకుల మీద కథ చెబితే వినేవారున్నారని దీన్నిబట్టే తెలుస్తోంది కదా!

మన జిల్లా జనం సగం ఊళ్లోనూ, సగం వలసలోనూ ఉంటారని పెద్దలు అంటుంటారు. విశాఖలో, హైదరాబాదులో, చెన్నైలో కూలికో ఉద్యోగానికో వెళ్లినవారికి సొంత ఊరి మాట వినబడితే ప్రాణం లేచి వస్తుంది. వారంతా ఊరికి చేరేది సంక్రాంతికి. కనుక పుస్తకం వెలువరించడానికి కనుమ నాటి సాయంత్రాన్ని మించిన ముహూర్తం లేదు. గ్రామదేవత సంబరాలు, అరసవల్లి రథసప్తమి, పాఠశాల పూర్వ విద్యార్థుల కలయిక... జనం కూడే ప్రతి చోటా ఒక బల్ల వేసుకోవచ్చు. అనుమతి మాత్రం ముందే తీసుకోండి.

సభలో ఏడుగురు, కింద తొమ్మిదిమంది

ఆవిష్కరణ సభలు ఎలా జరుగుతాయో అందరికీ తెలిసిందే. వేదిక మీద ఏడుగురు పెద్దలు, కింద తొమ్మిదిమంది శ్రోతలు. మూడు గంటల ప్రసంగాలు, ఆరు శాలువాలు. పుస్తకంలో ఏముందో ఒక్కరూ చెప్పరు. ఇంటికి వెళ్లేటప్పుడు పుస్తకం కొందామంటే అమ్మే మనిషి ఉండడు.

ఇలా చేసి చూడండి. వేదిక మీద ముగ్గురు చాలు. అందులో ఒకరు పుస్తకం పూర్తిగా చదివినవారై ఉండాలి. ఒక కథను చక్కగా చదివే విద్యార్థి చేత పది నిమిషాలు చదివించండి. కథ పూర్తి చెయ్యనివ్వకండి! ముగింపు పుస్తకంలో ఉందని చెప్పి కూర్చోబెట్టండి. గుమ్మం దగ్గర బల్ల, బల్ల మీద పుస్తకాలు, చిల్లర డబ్బులు, ఫోనుతో డబ్బు కట్టే స్కానరు అట్ట... ఇవి శాలువాల కంటే ముఖ్యం. బల్ల దగ్గర మొహమాటం లేని మనిషిని కూర్చోబెట్టండి. రచయిత మాత్రం కూర్చోకూడదు. ఆయన అడిగినవారందరికీ ఊరికే ఇచ్చేస్తాడు.

పైన చెప్పిన మూడు వేలలో ఈ సభకు షామియానా, మైకు, టీ కలిపి రూ. 1,200 కేటాయించుకోండి. పాఠశాల ఆవరణో గ్రంథాలయమో దొరికితే అదీ తగ్గుతుంది. కరపత్రాలకు రూ. 700, తపాలాకు రూ. 600, తిరుగుళ్లకు బస్సు చార్జీలు రూ. 500. అంతే.

ఊరికే ఇస్తే చదవరు

ఉచితంగా వచ్చిన పుస్తకం టీవీ కింద మెత్త అవుతుంది. డబ్బిచ్చి కొన్నది పది పేజీలైనా చదవబడుతుంది. బంధువుల దగ్గర మొహమాటం సహజమే. "బాబాయ్, నాకో కాపీ ఇయ్యవా?" అని అడిగే అబ్బాయికి "నీకు కాక ఎవరికిస్తానురా? వంద రూపాయలు స్కాను చెయ్యి, నీ పేరు రాసి సంతకం పెట్టి ఇస్తాను" అని నవ్వుతూ చెప్పండి. నొచ్చుకోడు. సంతకం ఉన్న పుస్తకం కదా, దాచుకుంటాడు.

వెల మాత్రం అందుబాటులో ఉండాలి. రంగనాయకమ్మ గారు తమ పుస్తకాలను 'స్వీట్ హోమ్ పబ్లికేషన్స్' పేరిట తామే వేసుకుని, వెల తక్కువగా ఉంచడం తెలుగు పాఠకులు ఎరిగినదే. సామాన్యుడి జేబుకు తగిన వెల కూడా ఒక ప్రచారమే.

పెళ్లిళ్లలో, పదవీ విరమణ సభల్లో వచ్చినవారికి ఏదో ఒక వస్తువు ఇవ్వడం ఆనవాయితీ అయింది. ప్లాస్టిక్ డబ్బాకు పెట్టే డబ్బుతో మన ఊరి కథల పుస్తకం ఇవ్వవచ్చునని తెలిసినవారికి చెప్పండి. ఒక్క ఇల్లు ఒప్పుకున్నా యాభై కాపీలు ఒకేసారి కదులుతాయి. చెప్పడానికి ఖర్చేమీ లేదు.

ఇంటి పన్నులో మీ పుస్తకం

మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటుందని చాలామందికి తెలియదు. ఆ సొమ్ముతోనే జిల్లా గ్రంథాలయ సంస్థ, శాఖా గ్రంథాలయాలు నడవాలి. అంటే అక్కడి బీరువాల మీద మనకూ హక్కుంది. రచయిత తానే వెళ్లి కొనమని బతిమాలడం కంటే, పదిమంది పాఠకులు ఈ పుస్తకం మాకు కావాలని రాసి ఇవ్వడం మేలు. ప్రభుత్వ గ్రంథాలయాల పుస్తకాల కొనుగోలుకు తోడ్పడే రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ 1972 నుంచి కోల్‌కతాలో ఉంది. పథకాల కింద పుస్తకాలు ఎప్పుడు తీసుకుంటారో జిల్లా గ్రంథాలయంలో కనుక్కుంటూ ఉండాలి. కొన్నా కొనకపోయినా శాఖా గ్రంథాలయాలకు పది కాపీలు, హైస్కూళ్లకు, కాలేజీలకు ఎనిమిది కాపీలు చేత్తో ఇచ్చి రండి. ఉచితంగా ఇవ్వదగ్గ చోట్లు ఇవే.

పుస్తకం పాఠకుడి దగ్గరికి వెళ్లాలనేది మనవారికి కొత్త సంగతి కాదు. గుంటూరు జిల్లా పెదవడ్లపూడి ప్రాంతంలో పాతూరి నాగభూషణం గారు 1935లో పడవలో పుస్తకాలు పెట్టి కాలువ వెంట ఊరూరా తిప్పారు. పడవకు బదులు మనకు ఆర్టీసీ బస్సుంది.

ఇక కథలు రాసే ప్రతివారూ మరిచిపోకూడని చోటు మన శ్రీకాకుళం పట్నంలోనే ఉంది. అది కథానిలయం. పురస్కారంగా వచ్చిన సొమ్ము పెట్టి కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న దాన్ని ప్రారంభించారు. 2021లో ఆయన కన్నుమూసినా తెలుగు కథ ఎక్కడ అచ్చయినా అక్కడికి చేరాలన్న ఆయన తపన చేసిన పని నిలిచి ఉంది. రెండు కాపీలు అక్కడ ఇవ్వండి. మీ ఇంటి అటక ఏమైనా ఫర్వాలేదు, మీ కథ అక్కడ పదిలంగా ఉంటుంది.

మరో నాలుగు కాపీలు చట్ట ప్రకారం పంపవలసినవి. 1954 నాటి చట్టం కింద పుస్తకం వెలువడిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకు ఒక్కొక్క కాపీ ప్రచురణకర్తే తన ఖర్చుతో చేర్చాలి. సొంతంగా వేసుకున్నప్పుడు ప్రచురణకర్త మీరే.

తపాలా, సెల్‌ఫోను

పుస్తకం కంటే పోస్టు ఖర్చు ఎక్కువైపోతోందని రచయితలు వాపోతుంటారు. తపాలా శాఖ 2025 మే 1 నుంచి పుస్తకాల కోసం 'జ్ఞాన్ పోస్ట్' సేవ ప్రవేశపెట్టింది. అప్పుడు ప్రకటించిన ధరల ప్రకారం 300 గ్రాముల వరకు రూ. 20, అయిదు కిలోల వరకు రూ. 100, పన్ను అదనం. పుస్తకం మీద ముద్రాపకుల పేరో ప్రచురణకర్త పేరో ఉండాలి. వ్యాపార ప్రకటనలు ఉండకూడదు. లోపలి పేజీల్లో కొట్టువారి ప్రకటన వేసుకుని నాలుగు డబ్బులు సంపాదిద్దామనుకుంటే ఈ సౌకర్యం పోతుంది. మీ పుస్తకం దీని కిందికి వస్తుందో రాదో, నేటి ధర ఎంతో కౌంటరులో ఒకసారి అడిగి తెలుసుకోండి.

నాలుగు పత్రికలకు సమీక్ష కోసం రెండేసి కాపీలు పంపాలి. వాటితో పాటు ఒక కాగితం మీద పుస్తకం పేరు, పేజీలు, వెల, దొరికే చోటు, ఫోను నంబరు, కథలు దేని గురించో నాలుగు వాక్యాలు రాసి పెట్టండి. స్థానిక విలేకరికి 'ఫలానావారి కథలు వెలువడ్డాయి' అంటే వార్త కాదు. 'మన మండలం నుంచి వలస వెళ్లినవారి మీద పన్నెండు కథలు' అంటే వార్త.

సెల్‌ఫోను ఉండనే ఉంది. ఒక కథలో అయిదు నిమిషాల భాగం మన యాసలోనే చదివి, గొంతు రికార్డు చేసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. చివర పుస్తకం పేరు, వెల, ఫోను నంబరు చెప్పండి. పుస్తకం మొత్తం పీడీఎఫ్ మాత్రం పంపకండి. రోజుకు నాలుగుసార్లు పెట్టి విసిగించకండి. వారానికి ఒక్కసారి చాలు. చదివినవారు నాలుగు మాటలు చెబితే వారి అనుమతితో అవి పెట్టండి. మీ పొగడ్త మీరు చేసుకోవడం కంటే అది పదిరెట్లు పనిచేస్తుంది.

హైదరాబాదులో ఏటా జరిగే పుస్తక ప్రదర్శనకు, జనవరిలో విజయవాడలో జరిగే పుస్తక మహోత్సవానికి వెళ్లాలనుకునేవారు ఒక్కరే దుకాణం తీసుకోవడం తలకు మించిన భారం. నలుగురైదుగురు రచయితలు కలిసి ఒక బల్ల పంచుకోండి. లేదా ఇప్పటికే దుకాణం పెట్టేవారికి పది కాపీలు కమీషన్ మీద ఇచ్చి రసీదు తీసుకోండి.

డబ్బు కట్టమంటే జాగ్రత్త

పుస్తకం వెలువడగానే కొన్ని ఫోన్లు వస్తాయి. ఇన్ని వేలు కడితే పురస్కారం ఇస్తామని ఒకరు, దేశమంతా అమ్మిపెడతామని ఇంకొకరు. డబ్బు కట్టి తెచ్చుకున్న బిరుదు చూసి పుస్తకం కొన్న పాఠకుడు లేడు. పుస్తకాలకు వేసే ఐ.ఎస్.బి.ఎన్. నంబరును న్యూఢిల్లీలోని ప్రభుత్వ సంస్థ ఉచితంగానే ఇస్తుంది. దానికే వేలు అడిగేవారిని దూరంగా ఉంచండి. రచన మీద హక్కు 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రాసినవారికి రాసిన క్షణం నుంచే ఉంటుంది. రిజిస్టరు చేయించుకోవడం తప్పనిసరి కాదు. ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేముందు ఆ హక్కు రాసిస్తున్నామా అన్నది చూసుకోండి.

ఇంత చేసినా పుస్తకాలన్నీ ఒక్క నెలలో పోవు. ఏడాది పట్టవచ్చు. వారానికి నాలుగు పుస్తకాలు అనుకుంటే ఏడాదికి రెండు వందలు దాటుతాయి. సంతకు వెళ్లేటప్పుడు సంచీలో రెండు, పెళ్లికి వెళ్లేటప్పుడు రెండు. కూరగాయలు పండించిన రైతు గంప నెత్తిన పెట్టుకుని వెళ్లడానికి సిగ్గుపడడు. కథ పండించినవారు మాత్రం ఎందుకు సిగ్గుపడాలి?

పాఠకులకూ ఒక మాట. మీ ఊళ్లో కథలు రాసే మాస్టారు ఉంటే ఈ ఆదివారం ఆయన ఇంటికి వెళ్లండి. అటక మీద కట్ట ఉందేమో అడగండి. ఉంటే ఒక కాపీ దింపించి, వెల ఇచ్చి తెచ్చుకోండి. చదివాక ఎలా ఉందో ఆయనకు చెప్పండి. బాగోలేకపోతే అదీ చెప్పండి. చదివారన్న సంతోషంతో ఆయన మరో కథ మొదలుపెడతారు.